సులోతో వేగలేక

సులో మళ్లీ తౌనో పక్కమీదే పడుకున్నాడు. అదీ సరస్సులో స్నానం చేసి, ఒళ్లు తుడుచుకోకుండా.

ఇద్దరికీ ఒకే గుడారం ఇచ్చిన ఘనుడు క్యాంపు పెద్ద పెల్టొనెన్. ఫిన్లాండ్ ఉత్తర కొసన, ఊళ్లకు దూరంగా, దోమల మధ్య రాగి ఖనిజం కోసం వెతికే ఉద్యోగం. దోమల్ని తౌనో ఓర్చుకున్నాడు. సులో కంపు మాత్రం అతని వల్ల కావడం లేదు.

తింటే చప్పుడు. పడుకుంటే గురక. చెట్టు కనిపిస్తే చాలు, ఎవరు చూస్తున్నా అక్కడే పని కానిచ్చేస్తాడు. తౌనో పారేసిన చేప తలకాయలు కూడా వదలడు.

పోనీ పనిలోనైనా పద్ధతి ఉందా అంటే అదీ లేదు. తౌనో డాక్టరేట్ చేసినవాడు. మ్యాపు, భూతద్దం లేనిదే అడుగు వేయడు. సులో చదువు సంగతి ఎవరూ అడగరు. రాయి కనిపిస్తే ముక్కు ఆనించి వాసన చూస్తాడు, అంతే.

అలా వాసన చూసే, నాచు కింద దాగున్న రాగి రాయిని పట్టేశాడు. పేపరువాళ్లు వచ్చి ఫొటో తీశారు. సులో నిండుగా పడ్డాడు. తౌనోది మోచెయ్యి పడింది. ఆ సాయంత్రం పెల్టొనెన్ సాసేజీ కాల్చి సులోకి స్వయంగా తినిపించాడు. తౌనో తన సాసేజీ తనే కాల్చుకున్నాడు.

వచ్చే వేసవికి మనుషుల్ని తగ్గిస్తారన్న కబురు అప్పుడే వచ్చింది. అక్కడ ఔలు పట్టణంలో తౌనో భార్య ఐలా, మా ఆయన పెద్ద జియాలజిస్టని అపార్ట్‌మెంటంతా చెప్పి పెట్టింది. ఉద్యోగం పోతే అందరి ముందూ ఆ మెట్లు ఎక్కడం కష్టమే.

తౌనో ఫోన్లో గోడు వెళ్లబోసుకున్నాడు.

"వాడితో నీకు పోటీ ఏంటి? నీ చదువేంటి, వాడేంటి?" అంది ఐలా.

"ఆ ముక్క పెల్టొనెన్‌కి చెప్పు. వాడొస్తే ఎదురెళ్తాడు. నేనొస్తే తలుపెయ్యమంటాడు."

సీజను ముగిశాక పెల్టొనెన్ తన గదికి పిలిపించాడు. తౌనో వెళ్లేసరికి సులో లోపల పొయ్యి పక్కన ఒళ్లు విరుచుకుంటున్నాడు. తౌనో రాని నవ్వు తెచ్చుకుని నిలబడ్డాడు.

వచ్చే ఏడాది సులో ఉంటాడని చెప్పాడు పెల్టొనెన్. జియాలజిస్టుల్ని మాత్రం దాదాపు అందరినీ తీసేస్తున్నారట.

"మరి నేను?" అడిగాడు తౌనో.

"నీకేం భయం లేదోయ్, ఎంత పేరున్న కుక్కనైనా గొలుసు పట్టుకునే మనిషి లేకుండా అడవిలోకి పంపలేం కదా."