వీధి ధరకే రాయి

బావమరిది ఒవీదియో ఏడాదిగా తనను దోచుకుంటున్నాడని అన్సెల్మోకు గట్టి నమ్మకం. ఇవాళ ఇద్దరి ఉమ్మడి మోటారు సైకిళ్ళ రిపేరు షెడ్డులో వాటాలు తెంచుకుంటున్నారు. ఆ దొంగను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డాడు.

“నది అవతలి దేశంలో, ఎన్కర్నాసియోన్‌లో కొన్న బిల్లు తియ్యి.”

ఒవీదియో లెక్కల్లో గళ్ళూ రంగులూ ఉండవు. ఉత్త అక్షరాలే. పైన తేదీ, కొట్టు పేరు. కింద ఏ ఖాతాకు ఎంతో, వరసకొకటి. ఈ బిల్లు కింద మాత్రం ఒకే వరస ఉంది. షెడ్డు సామాను, నాలుగు వందల అరవై డాలర్లు.

“మిగతావన్నీ విడదీశావు. దీన్నొక్కదాన్నే మూటగట్టావేం?”

“తీరిక లేక రాశాను బావా. వదిలెయ్యి.”

“వదలడానికి నీ అబ్బ సొమ్మా?”

“మా నాన్న ఊసెందుకు మధ్యలో?” అంది అన్సెల్మో పెళ్ళాం నేలిదా, తమ్ముడికి చల్లటి ఆకు కషాయం, తెరెరే గ్లాసు అందిస్తూ.

అన్సెల్మో వాటాకు తేలింది ఎనిమిదిన్నర లక్షల పెసోలు. సాయంత్రంలోగా వేరే షెడ్డుకు తొమ్మిది లక్షలు అడ్వాన్సు కట్టాలి. లేదంటే యాభై రెండేళ్ళ వయసులో ఇంకొకడి దగ్గర కూలికి స్పానరు పట్టాలి. అరిచే ఓపిక లేదు. అయినా అరిచాడు.

“టైర్లెంత?”

“నూట ఇరవై.”

“చెయిన్లు, బ్రేకులు?”

“ఎనభై.”

“అవి షెడ్డువి, రాయి. తక్కిన రెండు వందల అరవై ఎవడింటికి పోయింది? నీ బుడ్డోడి డైపర్లా? నీ సీసాలా?”

ఒవీదియో గ్లాసు తాగకుండానే అక్కకు తిరిగిచ్చేశాడు.

“పోనియ్యవయ్యా,” అంది నేలిదా.

“నువ్వు తమ్ముణ్ణి వెనకేసుకు రాకు. ఎవడు ఇంటికి పట్టుకెళ్ళాడో వాడి ఖాతాలో పడాలి. అందులో నా సగం నాకు రావాలి.”

“సరే, బ్యాంకు ధరకు కడతాను. డాలరుకు వెయ్యి.”

“బ్యాంకు ఇచ్చిందా నీకు డాలర్లు? కొన్నది వీధిలో, పన్నెండు వందలకు. వీధి ధరకే రాయి.”

“వెయ్యే మేలు బావా.”

“నీకు మేలు!”

ఒవీదియో ధర మార్చాడు. ఆఖరి వరసలో ఖాతా పేరు కొట్టి, అంకె వెయ్యకుండా వదిలేశాడు. ఒక్క వరస అలా ఖాళీగా ఉంచితే, మిగిలిందెంతో కంప్యూటరే వేసుకుంటుంది.

అన్సెల్మో వంగి చదివాడు. ‘అన్సెల్మో ఇల్లు: పాప పదిహేనో పుట్టినరోజు గౌను.’

“అది... ఆనవాయితీ ప్రకారం మా పాప ధర్మతండ్రి కొనిపెట్టాడుగా!”

“ఆయన చేతులెత్తేశాడయ్యా, వేడుకకు పిలుపులన్నీ అయ్యాక,” అంది నేలిదా. “నలుగురిలో నువ్వు తలదించుకోవాల్సి వస్తుందని వీడే షెడ్డు లెక్కలో కలిపేశాడు. నేనే చెప్పొద్దన్నాను.”

“చెరిపెయ్యనా బావా?”

అన్సెల్మో పాత టైరు మీద కూలబడ్డాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఒవీదియో మీట నొక్కాడు. అన్సెల్మో వాటాలో కోత: లక్షా యాభై ఆరు వేల పెసోలు.