ఆ రెండూ ఎక్కడ కలిసినట్టు?

"ఆగు యాకమ్మా! నా బిడ్డ మంచం ముట్టకు!"

హెడ్‌నర్సు రాజేశ్వరి కేకకు ఆయమ్మ యాకమ్మ చేతిల దుప్పటి జారి కిందపడ్డది. మానుకోటల ఉన్న ఆ చిన్న నర్సింగ్‌హోమ్‌ల ఏడో నంబరు మంచం మీద రాజేశ్వరి ఒక్కగానొక్క బిడ్డ వినీత పండుకున్నది. ఇరవై నాలుగు గంటల కడుపునొప్పికి, అదే అపెండిక్స్‌కు, మొన్ననే ఆపరేషనైంది. కుట్లింకా పచ్చిగనే ఉన్నయి.

"చేతులు కడిగినవా?"

"కడిగిన సిస్టర్, బట్టల సబ్బుతోని."

"బట్టల సబ్బా! నీ చేతులతోనే ఈ వార్డుల పీడ తిరుగుతున్నది. పో అవతలికి!"

యాకమ్మ కండ్లల్ల నీళ్లు పెట్టుకొని పోయింది.

పీడ అనుడు ఉత్తగ గాదు. నెల కింద మూడో మంచం మీద డోర్నకల్ సోమనర్సయ్యకు కుట్లు చీముపట్టినయి. ఏ మందుకూ లొంగలే, మనిషే పోయిండు. పరుపు కాలబెట్టినరు, గోడలకు సున్నం కొట్టినరు. అయినా పదిహేను రోజులకు ఐదో మంచంల చేరిన గంగారం గంగికి అదే తీరు. ఆమె గూడ పోయింది. మూడు, ఐదు. ఇప్పుడు ఏడు. తల్లి పానం కొట్టుకోకుంటే ఏంజేస్తది?

అందుకే బిడ్డను తన చేతులతోనే చూసుకుంటున్నది. ఆమె శుభ్రం సంగతి వార్డంతా ఎరుకే. సింకు మీది సబ్బుమందు సీసను ఆయమ్మలను ముట్టనియ్యదు. సగం కాంగనే ఉన్నదాని మీదనే మళ్ల నింపుతది. మూడేండ్ల సంది ఆ సీస ఒక్కపారి ఖాళీ కాలేదని గొప్పగ చెప్పుకుంటది. గ్లౌజులేసుకున్నంక గూడ మీద ఓ చుక్క రుద్దందే ఊకోదు.

ఆ మందుతోనే చేతులు కడిగి, గ్లౌజులు రుద్ది, వినీత కుట్లు మెల్లగ తుడిచి కట్టు కట్టింది. మళ్ల కడుక్కొని తిరిగేసరికి ల్యాబు శివప్రసాద్ కాయితాలతోని నిలబడ్డడు. మొహం తెల్లబోయి ఉన్నది.

"అక్కా, సోమనర్సయ్య పుండుల పురుగు, గదే బ్యాక్టీరియా, వేరు, గంగి పుండుల పురుగు వేరు. జాతే వేరు. గని మందును విరగ్గొట్టే విద్య మాత్రం రెంటికీ ఒక్కటే."

"అదెట్లయితది?"

"పరీక్షల పిలగాండ్లు చీటీలందించుకోరా? గట్లనే ఒకటి ఇంకోదానికి అందిస్తది. గని పక్కపక్కన ఉండాలె. ఆయన పోయిన పదిహేను రోజులకు గదా ఈమె వచ్చింది! మరి ఆ రెండూ ఎక్కడ కలిసినట్టు?"

రాజేశ్వరికి చచ్చినోని పురుగు ఈ వార్డులనే ఎక్కడనో కూసొని పాఠం చెప్తున్నట్టనిపించింది.

"ఇంకెక్కడ, యాకమ్మ చేతులల్ల! నిన్న అందరి చేతులు పరీక్షకు తీసుకున్నవు గదా?"

"కడగకముందొకపారి, కడిగినంకొకపారి తీసుకున్న. యాకమ్మ చేతులల్ల మామూలు మురికే అక్కా. ఏ మందుకైనా చస్తది."

"మరి నాయి?"

"కడగకముందు ఏం లేదు."

"చూసినవా!" అని రాజేశ్వరి నవ్వింది. "కడిగినంక?"

శివప్రసాద్ సింకు దిక్కు చూసిండు.

"ఆ పురుగులే ఉన్నయక్కా. ఆ రెండూ కలిసింది గా సీసలనే."

రాజేశ్వరి తన చేతులు చూసుకున్నది. ఇంకా తడి ఆరలే.