ఆ మోత ఆపండి

డ్రైవర్లూ, మిమ్మల్నే అడుగుతున్నా! చెవులు ఎవరికి తాకట్టు పెట్టారు?

బెల్టు వదులైతే ఏసీ కీచుమంటుంది. బేరింగు అరిగితే మూలుగుతుంది. ఫ్యాన్లో చెత్త పడితే గరగరలాడుతుంది. బండి నోరు పెట్టుకుని చెబుతుంటే మీరు దిష్టి తగిలిందంటారు!

ఎష్మామత్ కూడా అదే అన్నాడు.

బోయ్సున్ కొండల మీంచి కింది పట్నానికి టాక్సీ తోలతాడు. ఏసీ మోగడం మొదలైన రోజే దిష్టి పోవాలని ముందు అద్దం కింద ఇసిరిక్ అనే ఎండు మొక్కల కట్ట పెట్టాడు. మోత పెరిగింది. ఇంకో కట్ట తెచ్చి గాలి సందులోకే కుక్కాడు. మోత ఇంకా పెరిగింది.

ఆ రోజు వెనక సీట్లో కూతురు మోహినూర్, ఆమె ఒళ్లో ఏడాది మనవడు, పక్కన పుచ్చకాయలమ్మే తుర్ది. పొద్దుటి నుంచి పిల్లాడికి ఊపిరి సరిగా ఆడటం లేదు. జలుబనుకున్నారు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు.

అంత తొందరలోనూ దారిలో ఒక పెద్దావిడ చెయ్యెత్తితే ఆపాడు. పెద్దవాళ్లని రోడ్డు మీద వదిలేస్తే పాపం. ముందు సీటు వాళ్లదే.

బయట అఫ్గన్ వైపు నుంచి వీచే వేడిగాలి. దుమ్ముకి అద్దాలు దించే వీల్లేదు. ఏసీ పూర్తిగా తిప్పి ఉంది.

ఆమె వెనక్కి తిరిగి పిల్లాడినే చూస్తోంది.

"తమ్ముడూ, ఆ మోత కాస్త ఆపు. బాబు ఊపిరి వినాలి."

"ఏంటి ఖాలా?"

"మోత ఆపమంటున్నా!"

"ఆపితే అందరం తందూరులో రొట్టెలమే!" వెనక నుంచి తుర్ది నవ్వాడు. "ఖాలాకి చల్లగాలికి నడుం పట్టేస్తుందేమో!"

ఆమె ఇక అడగలేదు. చెయ్యి చాచి గాలి సందులోని ఇసిరిక్ కట్టని లాగేసింది. పుల్లలు జలజలా రాలాయి.

"ఇవే పడుతున్నాయి నీ ఫ్యాన్లో!"

ఎష్మామత్ బ్రేకు తొక్కాడు.

"పసివాడు జబ్బుతో ఉంటే దిష్టి మందు మీద చెయ్యేస్తావా? ఎక్కినప్పట్నుంచి వాణ్ణే చూస్తున్నావ్. నీ కళ్లే తగిలాయి వాడికి. దిగు!"

"నాన్నా, పెద్దావిడ..."

"నువ్వు నోర్ముయ్!"

ఆమె దిగింది. దుమ్ములో నిలబడి, మూసిన అద్దం మీద అరచేత్తో కొడుతూ ఏదో చెప్పింది. పెదవులు కదలడం కనిపించింది. మాట మోతలో మునిగిపోయింది.

కారు కదిలింది. వెనక ఆమె ఫోను చెవికి పెట్టుకుంది.

"మొగుడికి చాడీలు చెబుతోంది," అన్నాడు తుర్ది.

మోహినూర్ పిల్లాడి పెదవుల్ని చూస్తోంది. అవి నీలంగా మారుతున్నాయి.

ఆసుపత్రి గేటు దగ్గర నర్సు ముందే నిలబడి ఉంది.

"తెల్ల కారు, అద్దం కింద ఇసిరిక్. మీరేనా?"

లాక్కున్నట్టే పిల్లాణ్ణి ఎత్తుకుని, మూతికి ఆక్సిజన్ పెట్టింది.

"మేమొస్తున్నట్టు మీకెవరు చెప్పారు?" అన్నాడు ఎష్మామత్.

"డాక్టర్ సనోబర్ రోడ్డు మీంచి ఫోన్ చేశారు. ఇది జలుబు కాదు, గొంతులో ఏదో ఇరుక్కుంది, అన్నీ సిద్ధంగా ఉంచమన్నారు."

"సిద్ధంగా ఉంటే తీయండమ్మా! చూస్తారేం?" మోహినూర్ అరిచింది.

నర్సు ఎష్మామత్ వైపు తిరిగింది.

"మా బండి వేరే ఊరెళ్లింది. దాన్ని తీయడం ఇక్కడ ఆవిడ ఒక్కరికే వచ్చు. ఎక్కడ దించేశారో అక్కడికి వెళ్లి తీసుకురండి. ఈసారైనా ఆ మోత ఆపి వెళ్లండి!"