మాట మోసేవాడు

"నేను చెప్పింది నాలుగు ముక్కలు. వీడు వాగింది నలభై ముక్కలు!"

బుల్లబ్బాయి చిట్టియ్య చేతిలోని ఫోను లాక్కుని ఠక్కున పెట్టేశాడు.

"నా ఎస్టీడీ బిల్లు కాలిపోతోంది! ఆ రాయపూరువాడికి ఏం చెప్పావురా అంతసేపు?"

"మీరు చెప్పిందేనండి. హిందీలో కాస్త పొడుగవుద్దండి."

"నాకు టోపీ పెట్టేంత పొడుగా?"

కడియంలో బుల్లబ్బాయి నర్సరీ పెద్దదే. నోరు అంతకన్నా పెద్దది. ఆ నోటికి తెలుగొక్కటే వచ్చు. కొనేవాళ్లేమో నాగపూరు నుంచి, రాయపూరు నుంచి, ఇంకా పైనుంచి వస్తారు. అందుకే, పదేళ్ల కిందట ఓ లారీలోంచి క్లీనరుగా దిగిన చిట్టియ్యని, హిందీ వచ్చన్న ఒక్క కారణంతో అక్కడే ఉంచేసుకున్నాడు. వాడిది ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. తట్ట మోసేవాడొకడు, మాట మోసేవాడొకడు. ఆయన దృష్టిలో ఇద్దరూ కూలీలే.

"వాడు మధ్యలో ఏదో తింటున్నాడు మావయ్యా" అని ఎగదోశాడు మేనల్లుడు గణేష్‌బాబు. హిందీ పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాసైన ఘనుడు. "నేనుండగా వీడెందుకు? మీ మాట ఒక్కటి కూడా పొల్లుపోకుండా చెప్తాను."

బుల్లబ్బాయికి అది తెగ నచ్చింది.

"రేపు పొద్దున్నే మూటాముల్లే సర్దుకో" అన్నాడు చిట్టియ్యతో.

"ఆయ్, అలాగేనండి. కానీ రేపు నాగపూరు మిశ్రాగారొస్తున్నారండి. ఆయన్ని సాగనంపి వెళ్తానండి."

"నువ్వు లేకపోతే మాకు మాటలు రావేంట్రా? చెప్పింది తిప్పి చెప్పే చిలకవి. నీకింత టెక్కా? పో!"

చిట్టియ్య చేతిసంచీ సర్దుకోడానికి వెళ్లాడు.

మిశ్రా అంటే మాటలు కాదు. ఏటా తొలకరికి నాలుగు లారీల మొక్కలు ఎత్తే మనిషి. ఈసారి పది కావాలన్నాడు. ఆ పదిని నమ్ముకునే బుల్లబ్బాయి పక్కనున్న మూడెకరాలు కౌలుకి తీసుకుని, ఉన్నదంతా ఊడ్చిపెట్టి మామిడి అంట్లు కట్టించాడు. ఈ బేరం తప్పితే అవన్నీ పొయ్యిలోకే.

మర్నాడు మిశ్రా కారు దిగాడు. డెబ్బై దగ్గరపడ్డ పెద్దమనిషి. రెండు చేతులూ జోడించి, బుల్లబ్బాయి చెవి దగ్గరికి వంగి పెద్దగా ఏదో అన్నాడు.

"చెవిలో అరుస్తాడేంట్రా వీడు?"

"మీకు చెవుడనుకుంటున్నాడు మావయ్యా. అందుకే మీరు అలా అరుస్తారని చిట్టియ్య చెప్పాడట."

"చూశావా వెధవని! ఇంకా ఏమేం కూశాడో! నా చెవులు బాగానే ఉన్నాయని చెప్పు."

గణేష్‌బాబు చెప్పాడు. మిశ్రా తికమకపడ్డాడు. తేరుకుని మెల్లగా ఏదో అడిగాడు.

"పోయినేడు పంపిన అంట్లలో సగం చచ్చిపోయాయట."

"నీళ్లు పొయ్యడం చేతకాని దద్దమ్మకి మొక్కలెందుకో అడుగు."

గణేష్‌బాబు అడిగాడు. దద్దమ్మకి సరైన హిందీ మాట కోసం ఒక్క క్షణం తడుముకుని, దొరికాక మరీ అడిగాడు. పరీక్షలో అయితే నూటికి నూరు వచ్చేవి.

మిశ్రా మొహం పాలిపోయింది. బుల్లబ్బాయిని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

"ఏంటంటాడు?"

గణేష్‌బాబు గొంతు తగ్గింది.

"ఆరేళ్ల కిందట వాళ్లావిడ పోయాక ఇక్కడికొచ్చి, ఏమీ తోచక కూర్చుండిపోయాడట. అప్పుడు మీరు, 'ఆవిడ పేరున ఓ మొక్క నాటండి, రోజూ నీళ్లు పోస్తుంటే ఆవిడతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది' అన్నారని చిట్టియ్య చెప్పాడట. మీరు ఇమ్మన్నారని పారిజాతం మొక్క తెచ్చి చేతిలో పెట్టాడట. ఆ ఒక్క మాట కోసమే, మొక్కలు చచ్చినా బతికినా, ఇంకో నర్సరీ గుమ్మం తొక్కలేదట."

బుల్లబ్బాయికి ఆ రోజు బాగానే గుర్తుంది. తను అన్నది ఒక్కటే మాట. "పెళ్లాం పోతే పోయింది, లారీ ఎప్పుడు పెడతాడో కనుక్కో."

సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇప్పుడేమంటాడు?"

"ఆ మాటన్న బుల్లబ్బాయిగారితో తప్ప ఇంకెవరితోనూ బేరం మాట్లాడడట. ఆయన్ని పిలవమంటున్నాడు మావయ్యా."

పిలవడానికి ఆ బుల్లబ్బాయి లేడు. పొద్దున్నే చేతిసంచీ పట్టుకుని మొదటి బస్సెక్కి వెళ్లిపోయాడు.