గాజు గొట్టంలో తెలుగు పాఠం

"నానెల్లను. కాలు పోతే పోనీ. ఆ గాజు గొట్టంలోకి మాత్రం నానెల్లను," అంది కామాక్షమ్మ, స్ట్రెచరు మీద లేచి కూర్చుని.

మహేశ్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. తల్లి కాలి పుండు ఎన్ని మందులు వాడినా మానలేదు. గాజు గొట్టంలా ఉండే ఆక్సిజన్ ఛాంబర్లో రోజూ కాసేపు పడుకోబెడితే మానొచ్చనీ, లేదంటే పాదం తీసెయ్యాల్సి వస్తుందనీ డాక్టరు చెప్పేశాడు. సెక్టార్ ఫైవ్‌లోని ఇంటి నుంచి ఆస్పత్రి దాకా ఆటోలో బతిమాలుతూనే తీసుకొచ్చాడు. తీరా వచ్చాక ఇదీ వరస.

"తలుపు బిగించీసి ఆళ్లు టీకి ఎలిపోతే? లోపల నా పేనం పోతే ఎవుడు సూస్తాడ్రా?"

"అద్దమే కదమ్మా. నేనిక్కడే కనపడుతుంటాను."

"నువ్వు కనపడితే నాకు గాలాడతాదేటి?"

ఆ ఊళ్లో అందరిలాగే అంతసేపూ మహేశ్‌తో గడగడా హిందీలో మాట్లాడుతున్న నర్సు మణిమాల ముందుకొచ్చింది.

"అమ్మమ్మా, నువ్వు భయం చెయ్యకు. నేను బయట కూర్చుంటుంది," అంది తెలుగులో.

కామాక్షమ్మ మొహం చిట్లించింది. "కూర్చుంటుంది ఏటే? కూకుంటాను అనాల."

"కూకుంటాను. నువ్వు లోపల మాట్లాడతాను, నేను వింటావు."

"ఓలమ్మ, ఇదేం తెలుగే? నాను మాటాడతాను, నువ్వింటావు."

"మెల్లగా చెప్పు అమ్మమ్మా. పడుకుని చెప్పు."

చెబుతూనే కామాక్షమ్మ వెనక్కి వాలింది. బల్ల లోపలికి జరిగింది, తలుపు పడింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి లేచి అద్దానికి తగిలింది.

లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంటే మణిమాల మైకు అందుకుంది. "అమ్మమ్మా, చెవి మూసుకుంటే ఉమ్ము తిను."

"ఉమ్ము తినడమేటే? మింగడం అంటారు. ఇదిగో, ఇలాగ," స్పీకర్లోంచి కసురు వినిపించింది. కామాక్షమ్మ గుటక వేసి చూపించింది.

"నిద్ర ముందు నోరు పెద్దది చేస్తారు. దాన్ని ఏం పిలుస్తాడు?"

"ఆవలింత." ఆమె ఆవలించి మరీ చూపించింది. చెవుల బిగువు వదిలినట్టుంది, మొహం కాస్త తేరుకుంది.

తర్వాత ఇద్దరూ చేపల పులుసులో పడ్డారు. మణిమాల చేపని 'వాడు' అంది, చింతపండుని 'ఆవిడ' అంది. కామాక్షమ్మ విసుక్కుంది, ఒక్కో మాటా మళ్లీ మళ్లీ అనిపించింది, చివరికి కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మ అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు మహేశ్. పులుసు పొయ్యి మీంచి దిగేసరికి ఛాంబర్లో గాలి తగ్గించే వేళయింది.

"అప్పుడే అయిపోనాదా?" అంది కామాక్షమ్మ బయటికొస్తూ. ఆ పిల్ల బుగ్గ నిమిరింది. "పిల్ల బంగారం. మాటే పాపం, తిరగదు. రేపు పెందలకడే తీసుకురారా మహేశూ, దీనికింకా చానా నేర్పాల."

ఆయా ఆమెని కట్టు మార్చడానికి పక్కగదిలోకి తీసుకెళ్లింది. మహేశ్ నర్సు దగ్గరికొచ్చి, ఆమెకి అర్థమయ్యేలా నిదానంగా ఒక్కో మాటే పలికాడు.

"సిస్టర్, అమ్మ... కసిరిందని... ఏమీ అనుకోకండి. తెలుగు రాకపోయినా... మీరు..."

"దాందేటుంది బాబూ, మాదీ మీ వేపే, టెక్కలి," అంది మణిమాల. "భయపడీవోలికి ధైర్నం చెప్తే ఎక్కదు. తప్పు దిద్దమన్నామనుకో, ఒళ్లు మర్సిపోతారు."

ఆమె గుమ్మం దగ్గర కుర్చీలో తన వంతు కోసం బిగుసుకుపోయి కూర్చున్న పెద్దాయన వైపు చూసి గొంతు తగ్గించింది.

"కూసింత పక్కకి జరగండి. ఆయన హిందీ మాస్టారు. నాకిప్పుడు హిందీ రాదు."