ఇరవై ఒకటో బిళ్ల

మేకుకు ఒక బిళ్ల మిగిలింది.

అనసూర్య కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. మిగిలిందే! పిల్లలందరినీ తల్లులు తీసుకుపోయారు. బాల్వాడీ గది ఖాళీ. పోతూ పోతూ వాళ్లు మేకు నుంచి తీసి వేసినవి బుట్టలో ఇరవై బిళ్లలున్నాయి. మరి ఈ ఇరవై ఒకటో బిళ్ల పిల్ల ఏది?

అంతా తన అతి తెలివే.

గోదావరిఖని బొగ్గుబాయి కాలనీ నుంచి బాలసేవిక ట్రైనింగుకు పోయిన మొదటి కోడలు తను. సర్కారు స్టైపెండు వస్తేనే ఆ చదువు. ఇవాళ ఆర్నెల్ల పరీక్ష. తల్లులు తెలిసినా ముక్కూ ముఖం తెలియని పిల్లలను ఒక పూట ఒక్కతే చూసుకోవాలి. తప్పితే స్టైపెండు బంద్, చదువు బంద్.

అందరిలా హాజరుపట్టీ రాస్తే తన గొప్పేముంది? మొగుడు బుచ్చన్న బాయి మీద, దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేస్తాడు. బాయిలోకి దిగే మనిషి మేకుకు బిళ్ల తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక బిళ్ల మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఆ పద్ధతే ఇక్కడ పెట్టింది మహాతల్లి.

డాల్డా డబ్బాల రేకు కత్తిరించి, అంచులు రాయికి రుద్ది బిళ్లలు చేసింది. పొద్దున పిల్లలు నోట్లో వేళ్లు పెట్టుకుని నిలబడితే, ఎలా తగిలించాలో చేసి చూపింది, చప్పట్లు కొట్టింది, పాట పాడింది. ఇక ఒకరి మీద ఒకరు పడి తగిలించారు. "రిజిస్టరు ఏదమ్మా?" అని పరీక్షకొచ్చిన మేడం అడిగితే, "బిళ్లలే హాజరు మేడం, ఇరవై ఒకటి" అని మెడ ఎత్తి మరీ చెప్పింది. బిళ్లల మీద పేర్లు రాయాలన్న తెలివి మాత్రం తట్టలేదు.

"ఒక బిడ్డ తప్పిపోతే నేను పాస్ చెయ్యలేనమ్మా" అంది మేడం, ఫైలు ఒళ్లో పెట్టుకుని.

అనసూర్య చెప్పులు కూడా తొడుక్కోకుండా క్వార్టర్ల వెంట ఉరికింది.

"పూలమ్మక్కా, నీ పిల్ల ఇంటికొచ్చిందా?"

"అగో, బువ్వ తింటున్నది."

లతీఫున్నీసా తలుపు సగం తీసింది. "షహనాజ్ పండుకున్నది. ఏంది, గంత ఫికరు?"

"మా పోరడా? ఇంట్ల ఉన్నడనే గదా నాకీ తిప్పలు!" అంది ఐలవ్వ.

ఇల్లిల్లూ తిరిగింది. తన బిడ్డ రాలేదన్న తల్లి ఒక్కతీ లేదు. అనసూర్యకు అదే ఇంకా భయమైంది. ఎవరూ అడగని ఆ బిడ్డ ఎవరు? ఎక్కడి నుంచి వచ్చింది?

అప్పుడు ఉప్మా గుర్తొచ్చింది. బిళ్లలు లెక్కపెట్టి ఇరవై ఒక్క ఆకుల్లో పెడితే, ఒక ఆకు మిగిలింది. పారేయడం ఎందుకని తనే తినేసింది! అంటే అప్పటికే బిడ్డ తప్పిపోయింది. తను ఆ బిడ్డ వాటా కూడా మింగి, చెయ్యి కడుక్కుని, పాట అందుకుంది. వహ్వా, ఏం టీచరమ్మ!

నీళ్ల తొట్టిలో చూసింది. బొగ్గు కుప్పల వెనక చూసింది. రైలు పట్టాల దాకా పోయింది. చివరికి బాల్వాడీ గడపలో కూలబడింది.

"నా స్టైపెండు గంగల కలువనీ. బిడ్డ దొరికితే సాలు" అని బోరున ఏడ్చింది.

బుచ్చన్నది ఆ వారం సెకండు షిఫ్టు. ఇంట్లో పడుకున్నవాడు గొడవ విని లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. పెళ్లాం ఏడుపు చూశాడు. మేకుకున్న బిళ్ల చూశాడు. ల్యాంపు రూములో లెక్క తప్పితే ఏం చేస్తాడో అదే మొదలుపెట్టాడు.

"ఏడుపు ఆపి యాదికి తెచ్చుకో. పొద్దుగాల్ల సంది బిళ్ల తగిలించినోళ్లను వరుసబెట్టి చెప్పు. ఫస్టు ఎవలు?"

మేడం పెన్ను మూత తీసింది.

అనసూర్య చూపుడువేలు మెల్లగా తన వైపే తిప్పుకుంది: "గిట్ల తగిలియ్యాలె" అని పిల్లలకు చూపిస్తూ ఆ మేకుకు మొట్టమొదటి బిళ్ల తగిలించింది తనే.