దిష్టి కుండ

"కంటైనర్ మొత్తం వెనక్కి పంపేస్తున్నారమ్మా. ఏ పెట్టె తెరిచినా నల్ల మచ్చే!"

ఫోన్‌లో అన్నాడు రవికిరణ్. మామిడి విదేశాలకు ఎగుమతి చేసేది అతనే.

సింధూర కుర్చీలో కూలబడింది. విస్సన్నపేట మామిడి రైతుల కంపెనీకి ఆమె మేనేజర్. ఈ కంటైనర్ దాటితేనే వచ్చే ఏడాదికి ఆర్డర్. లేదంటే కంపెనీకి తాళమే.

"మచ్చ తెగులు ఎలా వచ్చింది? ఊరికే మందులు కొట్టొద్దు, ఆకుల తడి చూసి సెన్సర్ హెచ్చరించినప్పుడే కొట్టండి అని రైతులకి చెప్పాను కదా!"

"అది ఒక్కసారి కూడా హెచ్చరించలేదంటున్నారమ్మా."

ఫోన్ పెట్టేయగానే ఛైర్మన్ వెంకటకృష్ణారావు బల్ల మీద గుద్దాడు.

"ఎలా హెచ్చరిస్తుంది? ఆ పక్కూరి చాట్రాయి దొంగ వెధవ చెడగొట్టి పోయాడుగా! మనకి ఆర్డర్ వచ్చిందని ఆ ఊరివాళ్లు కళ్లల్లో నిప్పులు పోసుకున్నారు."

ఆ దొంగ దొరికిన రోజు సింధూర ఊళ్లో లేదు. తర్వాత విన్నదే. చాట్రాయి నుంచి వచ్చానంటూ ఎవరో కొత్త మనిషి తోటలోకి వచ్చి సెన్సర్ స్తంభం ఎక్కుతూ దొరికాడట. ఛైర్మన్ కాలు పట్టుకుని కిందకి లాగాడట. ఫోన్ లాక్కుని తరిమేశాడట.

"పోలీసుల్ని పిలు, అమ్మాయ్. వాడి ఫోన్ సొరుగులో ఉంది. ఛార్జింగ్ పెట్టు. వాడి బండారం అందులోనే ఉంటుంది."

సింధూర ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టింది. అద్దం పగిలి ఉంది.

"ఏమైనా చెప్పబోయాడా అండీ?"

"ఒక్క మాట వినండి బాబూ, ఒక్క మాట వినండి అని ఒకటే నస. వింటూ కూర్చుంటే తోట కూడా రాయించుకునేవాడు!"

బయట వాన మొదలైంది. కిటికీ పక్కనున్న మామిడి కొమ్మ నిలువునా తడిసి నీళ్లు కారుతోంది.

సింధూర అలవాటుగా కంప్యూటర్ వైపు చూసింది.

తెర మీద సెన్సర్ పంపిన పచ్చ అక్షరాలు. 'ఆకులు పొడిగా ఉన్నాయి.'

ఆమె గొడుగు కూడా తీసుకోకుండా తోటలోకి పరిగెత్తింది.

స్తంభం కొసన మసి పూసి, సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించి ఉంది. రోజూ కనిపించేదే. రోజూ దాని కింద నుంచి నడిచిందే. దాని కడుపులో ఏముందో ఇవాళే తట్టింది.

సెన్సర్!

"ఆ కుండ ఎవరు పెట్టారండీ?"

వెనకే వచ్చిన ఛైర్మన్ మీసం దువ్వాడు.

"నేనే! అంత ఖరీదైన యంత్రమాయె. దారిన పోయే ప్రతివాడి కళ్లూ దాని మీదే. దిష్టి తగలదూ? ఆ దొంగ పీకబోయింది కూడా కుండనే. వాణ్ణి లాగి పారేసి, మళ్లీ సరిగ్గా బిగించాను."

సింధూర గిర్రున వెనక్కి తిరిగింది.

ఆఫీసులోకి వచ్చేసరికి మళ్లీ రవికిరణ్ ఫోన్.

"ఒక్క దారుందమ్మా. చాట్రాయి రైతుల ఛైర్మన్ చిన్నరాయప్ప గారు చెబితే విదేశంలో కొనే కంపెనీ వింటుంది. అసలు ఆ ఆర్డర్ వాళ్లది. పక్కపక్క ఊళ్లు కలిస్తేనే ఇద్దరం నిలబడతామని సగం మీకిప్పించింది ఆయనే. మీ ఛైర్మన్‌కి రోషం ఎక్కువ, చెప్పొద్దన్నారు."

"ఆయన కాయలు కూడా ఇదే కంటైనర్లోనా?"

"అవును. అవి బంగారంలా ఉన్నా వెనక్కే. మీ సెన్సర్ లెక్క ఆయన ఫోన్‌లోనూ కనిపిస్తుంది కదా, వానలో కూడా పొడి అంటోంది, వెళ్లి చూసొస్తానన్నారు. అప్పటి నుంచీ ఫోన్ కలవట్లేదు. నువ్వొకసారి ప్రయత్నించు."

అతను చెప్పిన నంబరు సింధూర నొక్కింది.

బల్ల మీద దొంగ ఫోన్ మోగింది.

ఛైర్మన్ బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

సింధూర కాల్ కట్ చేసింది. మరుక్షణం ఆ ఫోనే మళ్లీ మోగింది. పగిలిన అద్దం మీద పేరు, రిబ్కమ్మ.

"హలో..."

"అమ్మా, ఎవరో గానీ ఇప్పటికైనా ఆన్ చేశారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఆ ఫోన్ మా ఆయనది. తలకి దెబ్బ తగిలి పోయారమ్మా. నిన్ననే సమాధి చేశాం. ఆయన గొంతు అందులోనే ఉంది, ఇప్పిస్తారా?"

సింధూర ఫోన్ చెవికి గట్టిగా ఆనించింది.

"దెబ్బ ఎలా తగిలిందో... ఆయన చెప్పారా?"

"చెట్టు మీంచి పడ్డానన్నారు. ఎవరి చెట్టని ఎంత అడిగినా చెప్పలేదు. చెబితే పాపం వాళ్ల ఆర్డర్ పోతుందన్నారు. ఎవరమ్మా వాళ్లు? మీకు తెలుసా?"

ఛైర్మన్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

వాన జోరందుకుంది. తెర మీద ఇంకా 'ఆకులు పొడిగా ఉన్నాయి' అనే ఉంది.

"ఆయన పడింది చెట్టు మీంచి కాదమ్మా, మమ్మల్ని కాపాడ్డానికి ఎక్కిన మా సెన్సర్ స్తంభం మీంచి," అంది సింధూర, ఛైర్మన్ కళ్లల్లోకి సూటిగా చూస్తూ, "కిందకి లాగింది మా వెంకటకృష్ణారావు."